తప్పు అనే మాట ఎవరి మీద పడుతోంది?

(ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తెలుగు గురించి మాట్లాడమని పిలిచారు. మన భాష గొప్పదనం గురించి మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. అందుకని ఇవాళ ఒకే ఒక్క మాట పట్టుకుని కూర్చుంటాను. తప్పు. అధర్మం, అకృత్యం, దుష్కృత్యం లాంటి మాటలు నిఘంటువుల్లో బోలెడున్నాయి. కానీ ఏ తల్లీ పిల్లవాడితో "అది అకృత్యం నాన్నా" అనదు. "తప్పు నాన్నా" అంటుంది. మనలో చాలామందికి మంచీచెడ్డా మొదట తెలిసింది ఈ రెండక్షరాలతోనే. రేపు మీరు బడిలో అడుగుపెట్టాక ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అంటారో మీకే లెక్క తెలియదు. అందుకే దీని సంగతేమిటో ముందే తేల్చుకుని వెళ్ళాలని నా పట్టుదల.

పుస్తకానికి కాలు తగిలితే తప్పు, కళ్ళకద్దుకోమంటాం. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే తప్పు. పక్కపిల్ల పెన్సిలు అడక్కుండా తెచ్చేసుకుంటే తప్పు. ఏడెనిమిదులు యాభై నాలుగు అంటే అదీ తప్పే. మాట ఒకటే, చాలాసార్లు గొంతు కూడా ఒకటే. లెక్క తప్పడం వేరు, దొంగతనం వేరు అని పిల్లవాడికి ఎవరు చెప్పాలి? మాట మాత్రం చెప్పదు. అందుకే లెక్క రాని పిల్లవాడు దొంగలాగా తలవంచుకుని నిలబడతాడు. క్లాసులో ఏ వరసలో చూసినా అలాంటివాళ్ళు కనిపిస్తారు.

ఈ మాటకి మూలం కదలికలో ఉంది. ఉండాల్సిన చోటు నుంచి పక్కకి జరగడం, అందాల్సింది అందకపోవడం. దారి తప్పాడు, గురి తప్పింది, స్పృహ తప్పింది, పట్టు తప్పింది. పరీక్ష తప్పాడు అంటే ఫెయిలయ్యాడు. నెల తప్పింది అంటే శుభవార్త. ప్రమాదం తప్పింది అంటే గండం గడిచింది. చావు తప్పి కన్ను లొట్టపోయిందని సామెత. వీటిలో దేనిలోనూ నింద లేదు. కన్నడంలో, తమిళంలో, మలయాళంలో కూడా ఈ మాట ఉంది, అక్కడా ఇలాగే పక్కకి జరగడం దగ్గర మొదలై దోషం దాకా వచ్చింది. మాట తప్పాడు అన్నప్పుడు నింద లోపలికి వస్తుంది. ఎందుకంటే దారి తప్పినవాడు పాపం తెలియక తప్పాడు, మాట తప్పినవాడు తెలిసి తప్పాడు.

ఇదే మాటకి చివర లేదనే అర్థం తగిలిస్తే తప్పదు. తప్పదు, తప్పకుండా, తప్పనిసరి. అంటే పక్కకి జరగడానికి వీల్లేనిది. మన భాషలో దోషానికీ బాధ్యతకీ వేరు ఒకటే. "తప్పకుండా వస్తాను" అని అలవాటుగా అనేస్తాం గానీ, అందులో ఎంత బరువైన హామీ ఉందో చూడండి.

దీని జంట మాట ఒప్పు. ఒప్పు అంటే తగినట్టుగా ఉండటం, అందంగా ఉండటం. ఆడపిల్లలు చేతులు పట్టుకుని గిర్రున తిరిగే ఒప్పులకుప్ప ఆటలో ఆ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ఒప్పుకోవడం, ఒప్పందం, ఒప్పించడం అన్నీ దాని పిల్లలే. అంటే నలుగురూ ఒప్పుకున్నది ఒప్పు, దాన్నించి పక్కకి జరిగింది తప్పు. నలుగురూ ఎవరు, వాళ్ళు ఒప్పుకున్నది న్యాయమేనా అనే ప్రశ్న ఈ మాటలో లేదు. ఆ ప్రశ్న మనం వేసుకోవాలి. నా ప్రసంగం మొత్తం ఈ ఒక్క విషయం గురించే.

నేరం అని మనకి ఇంకో మాట ఉంది. అది పోలీస్ స్టేషన్‌లో, కోర్టులో ఉండే మాట. చట్టంలో రాసి ఉంటే నేరం. పాపం అనే మాట దేవుడి ఖాతాలోది. మనవాళ్ళ గుండె ఎలాంటిదో గానీ పాపం అనే మాటని జాలికి కూడా వాడుకున్నారు. "పాపం, ఎంత కష్టపడ్డాడో" అంటాం. తప్పు అనే మాట మాత్రం అరుగు మీద, వంటింట్లో, వాకిట్లో ఉంటుంది. దానికి జడ్జి ఊరే.

ఊళ్ళో పంచాయితీ ఎలా జరుగుతుందో చూసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. రచ్చబండ మీద పెద్దమనుషులు, కింద తప్పు చేశాడన్న మనిషి. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకుంటాడు, చేతులు కట్టుకుంటాడు. "తప్పైపోయింది, కాయండి" అంటాడు. పెద్దలు మాట్లాడుకుని ఇంత అని తప్పు వేస్తారు, అతను తప్పు కడతాడు. చూశారా, ఇక్కడ తప్పు అంటే జరిమానా. చేసిన పనికీ, దానికి కట్టే డబ్బుకీ ఒకటే పేరు. డబ్బు కట్టేస్తే తప్పు తీరిపోయినట్టే. కట్టలేనివాడు ఊళ్ళో ఉండలేడు. కొన్నిచోట్ల ఆ పంచాయితీ నిజంగానే కోర్టు చుట్టూ తిరిగే బాధ తప్పించింది, కాదనను. ఎక్కువచోట్ల తువ్వాలు నడుముకి చుట్టుకున్న మనిషి ఏ కులంవాడో ముందే తెలిసిపోయేది.

ఇక క్రియలు చూద్దాం. తెలుగులో మనిషి నిజాయితీ క్రియల్లో దొరుకుతుంది. "తప్పు చేశాను" అంటే చేసినవాడు వాక్యంలో ఉన్నాడు. "తప్పైపోయింది" అంటే మనిషి సగం తప్పుకున్నాడు, అయినా గొంతులో బాధ ఉంది. హైదరాబాద్‌లో గల్తీ అయింది అంటారు, అదీ ఇలాంటిదే. "తప్పు జరిగింది" అంటే ఇక మనిషే లేడు. వాన కురిసినట్టు తప్పు దానంతట అదే జరిగింది. ఆఫీసుల్లో, ప్రెస్ మీట్లలో వినిపించేది ఇదే. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాం" అనేది దానికన్నా ఒక మెట్టు దిగువ. అందులో తప్పు అనే మాట కూడా లేదు. మీ క్లాసులో పిల్లవాడు "కిటికీ పగిలింది టీచర్" అన్నప్పుడు కోప్పడతారే, ఆ పిల్లవాడు పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్న వాక్యమే మీకు చెప్పాడు.

వేమన పద్యం మీ అందరికీ వచ్చు. తప్పులెన్నువారు తండోపతండంబులు. ఆ పద్యాన్ని మనం వాడుతున్న తీరు నాకు బొత్తిగా నచ్చదు. ఎవరైనా నోరు తెరిచి ఇది అన్యాయం అనగానే "తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు" అని నోరు మూయిస్తాం. వేమన ఆ పద్యం ఒక్కటే చెప్పాడా? 1829లో బ్రౌన్ అచ్చు వేయించిన నాటి నుంచి మనం చదువుతున్న పద్యాల్లో కుల గర్వాన్నీ, దొంగ సన్యాసాన్నీ, లోభినీ ఒక్కరినీ వదలకుండా ఎత్తిచూపాడు. తప్పులు ఎన్నడంలో ఆయనంత ధైర్యవంతుడు తెలుగులో అరుదు. ఎంచేవాడు తనని తాను కూడా చూసుకోవాలన్నాడు గానీ, ఎంచవద్దని అనలేదు. మీరు ఈ పద్యం పాఠం చెప్పేటప్పుడు మిగతా వేమనని కూడా పిల్లలకి చూపించండి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. "ఆ అమ్మాయి తప్పు చేసింది." ఈ వాక్యం విన్నారు కదా. మీలో ఎవరైనా "ఏం తప్పు" అని అడుగుతారా? అడగరు. అందరికీ ఒకటే అర్థమవుతుంది. అదే "ఆ అబ్బాయి తప్పు చేశాడు" అంటే వెంటనే అడుగుతారు, ఏం చేశాడు, డబ్బులు పోగొట్టాడా, కాపీ కొట్టాడా, ఎవరినైనా కొట్టాడా అని. అబ్బాయికి వంద తప్పులున్నాయి కాబట్టి ఏదో చెప్పాలి. అమ్మాయికి ఒకటే తప్పు పెట్టాం కాబట్టి చెప్పనక్కర్లేదు. కాలు జారింది అన్నా అంతే. వ్యాకరణంలో ఏ తేడా లేదు, తేడా అంతా వినే చెవిలో ఉంది. ఆ చెవిని తయారుచేసింది మనమే.

చట్టం ఎప్పుడు మారింది, మాట ఎప్పుడు మారింది అని చూస్తే నా ఉద్దేశం ఇంకా బాగా తెలుస్తుంది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. అంటే ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో అది చెల్లే పెళ్ళే. కానీ రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు గడిచాయి. ఆ పాతికేళ్ళూ చట్టం ఒప్పన్నదాన్ని ఊరు తప్పంటూనే ఉంది. పెళ్ళి జరిగాక కూడా ఊరు ఊరుకోలేదు. వెళ్ళినవాళ్ళని వెలివేశారు. భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నవాళ్ళున్నారు. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చి, ఆ పెళ్ళివారికి వండిపెట్టారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. విద్యార్థులు అండగా నిలబడ్డారు. మీ వయసువాళ్ళే వాళ్ళు.

ఆవిడ తెచ్చిన ఆ నీళ్ళ బిందె సంగతి మీరు కాసేపు ఆలోచించాలి. గోదావరి నుంచి నీళ్ళు తేవడం ఏ రోజూ తప్పు కాదు. ఆ రోజు, ఆ ఇంటికి తేవడం మాత్రం ఊరి దృష్టిలో తప్పు. పుస్తకాల్లో, వ్యాసాల్లో ఎంత వాదించినా ఒక మాట అర్థం అంత తొందరగా మారదు. ఊరు తప్పన్న పనిని ఒక గౌరవంగల ఇల్లాలు పట్టపగలు నలుగురూ చూస్తుండగా చేస్తే అది మారడం మొదలవుతుంది. ఈ రోజు భర్త పోయిన ఆడపిల్ల మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తప్పని పైకి అనడానికి చాలామంది జంకుతారు. మాట అర్థం మారిందంటే ఇలా మారింది.

దీనికి సరిగ్గా ఎదురుగా కట్నం ఉంది. వరకట్న నిషేధ చట్టం 1961 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం తీసుకున్నవాడిదే కాదు, ఇచ్చినవాడిదీ నేరమే. శిక్ష అయిదేళ్ళకి తగ్గకూడదని, జరిమానా పదిహేను వేలు లేదా ఇచ్చిన కట్నం విలువ, ఏది ఎక్కువైతే అది వేయాలని తర్వాత సవరించారు. ఇంత గట్టి చట్టం ఉంది. మరి "మా వాడికి కట్నం తీసుకున్నాం, తప్పు చేశాం" అన్న తండ్రిని మీరెక్కడైనా చూశారా? పెళ్ళిచూపుల్లో ఆ మాటే ఉండదు. లాంఛనాలు అంటారు, పెట్టుపోతలు అంటారు, ఇచ్చిపుచ్చుకోవడాలు అంటారు. "మాకేం అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అంటారు. ఆ "మీ ఇష్టం"లో ఎంత బరువుందో ఆడపిల్ల తండ్రికి తెలుసు. మధ్యవర్తి పక్క గదిలోకి తీసుకెళ్ళి అంకె చెబుతాడు. అబ్బాయి అమెరికాలో ఉంటే అంకె పెరుగుతుంది. తక్కువ ఇస్తానన్న తండ్రిని చూసి మాత్రం "తప్పు కదండీ, ఉన్న ఒక్కగానొక్క కూతురికి" అంటారు. చూశారా తప్పు వెళ్ళి ఎవరి మీద పడిందో. తీసుకునేవాడి మీద పడాల్సింది, ఇవ్వలేనివాడి మీద పడింది.

1881లో నేరం కానిది తప్పుగా ఉంది. ఈ రోజు నేరమైనది తప్పు కాకుండా ఉంది. చట్టం పుస్తకం ఒక దారిన పోతే మన నోళ్ళు ఇంకో దారిన పోతున్నాయి. పోలీసులు, కోర్టులు ఉండి కూడా కట్నం ఆగకపోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. అందులో ఇదొకటి, చిన్నది కాదు. సిగ్గు పడాల్సినచోట మనకి సిగ్గు మాట లేదు.

కులం దగ్గర ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలోనే రద్దు చేసింది. 1955లో దాన్ని శిక్షించే చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా ఎన్నో పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. కొందరికి లోపల గ్లాసు, కొందరికి బయట చూరులో పెట్టిన గ్లాసు, తాగాక వాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. కొట్టువాడు తప్పు చేస్తున్నాడని ఎవరూ అనలేదు. ఒక కుర్రాడు లోపలి గ్లాసు తీసుకుంటే మాత్రం అది తప్పు. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులైలో జరిగింది చదవండి. గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. దళితులు తాగే నీళ్ళని పెత్తందారీ కులంవాళ్ళు మురికి చేస్తుంటే దళితులు వద్దన్నారు, వాళ్ళు కొట్టబోతే ఒక దళిత మహిళ తన చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు దళితుల పేట మీద దాడి చేసి ఆరుగురిని చంపేశారు. తాగే నీళ్ళు మురికి చేయడం తప్పు కాకుండా పోయింది, బిందె ఎత్తడం తప్పయింది. ఎదురు మాట్లాడటం తప్పు అని మనం పిల్లలకి చెబుతాం కదా, ఎవరికి ఎదురు, ఏ విషయంలో అని ఎప్పుడైనా చెప్పామా? ఆ మాట చెప్పే ప్రతిసారీ నాకు కారంచేడు గుర్తొస్తుంది. మీకూ గుర్తు రావాలనే ఇక్కడ చెప్పాను.

మీ పని దగ్గరికి వస్తాను. క్లాసులో ఈ మాటని కాస్త పొదుపుగా వాడండి. లెక్క కుదరకపోతే "ఇక్కడ పొరపాటు పడ్డావు, మళ్ళీ చూడు" అనండి. గుణింతం తేడా వస్తే దిద్దండి చాలు. పిల్లవాడి యాస ఇంటి యాస, దాన్ని తప్పు అని కొట్టేయకండి. వచ్చిండు అన్నా, వచ్చినాడు అన్నా, వచ్చాడు అన్నా తెలుగే. పుస్తకంలో ఎలా రాస్తారో నేర్పండి, వాళ్ళమ్మ మాట్లాడేది తప్పని మాత్రం చెప్పకండి. తప్పు అనే మాటని ఇంకొకరిని బాధపెట్టిన పనికి, మోసానికి, బలహీనుణ్ణి ఏడిపించిన పనికి దాచిపెట్టండి. అప్పుడే దానికి విలువ ఉంటుంది, పిల్లవాడికి తేడా తెలుస్తుంది.

చివరిగా ఒక కష్టమైన సంగతి చెప్పాలి. చిన్నపిల్లలకి ఒంటి గురించి ఏం అడిగినా "తప్పు, అలా మాట్లాడకూడదు" అంటాం. ఒళ్ళు తప్పు, దాని పేర్లు తప్పు, ప్రశ్న తప్పు. ఆ తర్వాత ఒకరోజు ఇంటికి వచ్చిపోయే మనిషో, బంధువో ఆ పిల్ల ఒంటి మీద వేయరాని చోట చేయి వేస్తాడు. ఆ పిల్ల మనసులో ఏముంటుంది? మనం నేర్పిన మాటే ఉంటుంది. ఇది తప్పు, నా ఒంటికి జరిగింది, కాబట్టి నేనే తప్పు చేశాను. అందుకే నోరు విప్పదు. అమ్మకి చెబితే తిడుతుందనుకుంటుంది. మగపిల్లలకీ ఇలా జరుగుతుంది, వాళ్ళు ఇంకా చెప్పరు. ఎప్పుడో ధైర్యం చేసి మీ దగ్గరికి వస్తే, మొదట అడిగేది "నేను తప్పు చేశానా టీచర్" అనే.

ఆ నిమిషంలో ఏం చెప్పాలో ముందే సిద్ధంగా ఉండండి. "నువ్వు ఏ తప్పూ చేయలేదు. తప్పు ఆ మనిషిది. నాకు చెప్పి మంచి పని చేశావు." ముందు ఈ మూడు వాక్యాలు చెప్పండి. అప్పుడు ఎందుకు చెప్పలేదు, ఒంటరిగా ఎందుకు వెళ్ళావు లాంటి ప్రశ్నలు వేయకండి, అవి తప్పుని మళ్ళీ తీసుకొచ్చి ఆ పిల్ల మీదే పెడతాయి. పిల్ల చెప్పినంత వినండి, గుచ్చి గుచ్చి అడగకండి. హెడ్మాస్టరు గారు బడి పరువు పోతుందని సర్దుబాటు చేద్దామన్నా, పెద్దలు పంచాయితీ పెట్టి తప్పు కట్టిద్దామన్నా ఒప్పుకోకండి. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టంలో 19వ సెక్షను ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి తెలియజేయాల్సిందే. తెలిసీ చెప్పకపోతే దానికీ శిక్ష ఉంది, సంస్థ పెద్దకైతే ఇంకా ఎక్కువ. పిల్లల కోసం 1098 అనే నంబరు ఉంది, ఫోన్ చేయడానికి డబ్బులు పడవు, అది గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించండి. పిల్ల పేరు స్టాఫ్ రూమ్‌లో కూడా ఎత్తకండి.

నేను చెప్పదలచింది ఇంతే. ఇందాక వెనక వరసలో ఒకరిద్దరు చేతులు ఎత్తారు, ప్రశ్నలు అడగండి.